పావుగంటలో వచ్చేస్తా

నాకు ముక్కు మీద కోపం. శివారులో ఇల్లు చూశానని మా ఆవిడ అనగానే, మాట పూర్తిగా వినకుండానే ఇంతెత్తున లేచాను.

"నేను లిఫ్టు మెకానిక్‌ని! ఎవరైనా మధ్యలో ఇరుక్కుంటే పావుగంటలో అక్కడుండాలి. ఆ మూల నుంచి గంటన్నర. ఈలోపు లోపలున్నవాళ్లు మా తాతముత్తాతల్ని కూడా వదలరు, తిట్టిపోస్తారు."

"ఎవరో ఇరుక్కుంటే పావుగంటలో పరిగెత్తుతారు. మరి దీనికి ఊపిరాడకపోతే?" అంది.

దీనికి అంటే మా అమ్మాయికి. ఆరేళ్లది, ఉబ్బసం. మా కిటికీ కింద బస్సులు ఆగుతాయి, ఎదురుగా కొత్త మేడ లేస్తోంది. తలుపులు మూసినా దుమ్మే, తీసినా దుమ్మే.

లిఫ్టులో చిక్కుకున్నవాళ్లు కంగారు పడకుండా బయట నుంచి వాళ్లచేత గట్టిగా అంకెలు చెప్పిస్తాను. ఇంట్లోనూ అదే అలవాటు చేశాను. ఒక్క ఊపిరిలో పిల్ల ఎంతవరకు చెబితే ఆ రోజు అంత నయం. ఏనాడూ ఏడు దాటలేదు.

నిజం చెప్పాలంటే, ఉద్యోగం సగం సాకే. శివారులో పొద్దు వాలగానే వీధి నోరు మూసుకుంటుంది. నాకు కింద టీకొట్టు గోల, పైవాళ్ల పోట్లాట, "మెకానిక్ అన్నా!" అనే పిలుపు ఉండాలి. అవి లేకపోతే పిచ్చెక్కుతుంది.

"నేను రాను" అని తెగేసి చెప్పాను. మా ఆవిడ రెండు వారాలు చూద్దామని పిల్లను తీసుకుని శివారులోని వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది.

పదిహేనో రోజు ఒక మేడ మీద లిఫ్టు మోటారు బిగిస్తుంటే ఫోను మోగింది.

"నాన్నా, లెక్కపెడతా, విను! ఒకటి, రెండు..."

ఏడు దగ్గర నేనే ఊపిరి బిగబట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అది అక్కడ ఆగిపోవాలని కోరుకున్నాను. ఆగితే వెనక్కొచ్చేస్తారు. ఛీ, కన్నతండ్రి కోరాల్సిన కోరికేనా ఇది!

ఆగలేదు. పన్నెండు, పదమూడు... ఇరవై.

"చూశావా! ఎప్పుడొస్తావు నాన్నా?"

ఇరుక్కున్న ప్రతివాడికీ ఫోనులో చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చింది: పావుగంటలో వచ్చేస్తా. కానీ అక్కడికి గంటన్నర. ఆ మాట మింగేశాను.

"నాన్నా, ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాను.