ప్రార్థన రాసిన చెయ్యి

రాగిణి మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, దాన్ని తొడుక్కోబోయే చక్రధర్ అద్దం ముందు నిలబడి ఆమె రాసిచ్చిన ఇంగ్లీషు ప్రార్థన వల్లిస్తున్నాడు. "వీ ఆర్ నాట్ పేగన్స్" దగ్గర గొంతు పెంచాడు.

"సూపర్ లైన్ రాగిణీ! గుడికి పర్మిట్ వచ్చేసినట్టే."

వర్జీనియాలో వాళ్ళుండే కౌంటీ బోర్డు మీటింగులు ఏదో ఒక మతంవారి ప్రార్థనతో మొదలవుతాయి. పక్కింటి మార్గరెట్ తనకూ అవకాశమిమ్మని అడిగింది. చెట్టునూ చంద్రుణ్నీ అమ్మతల్లినీ కొలిచే పేగన్ ఆమె. ఒకే దేవుణ్ని నమ్మేవాళ్ళకే అని బోర్డు కాదు పొమ్మంది. తెలుగువాళ్ళు కట్టబోయే గుడికి పర్మిట్ ఇవ్వాల్సిందీ ఆ బోర్డే, ఈసారి ప్రార్థన చదివే వంతు చక్రధర్‌ది. దాంతో అతనికి గుబులు పట్టుకుంది. "మనల్నీ ఆవిడతో కలిపేస్తారు. మనం అలాంటివాళ్ళం కాదని నీట్‌గా రాయి" అన్నాడు. రాగిణి ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు సర్ది రాసింది. పెత్తనం ఆయనది, చాకిరీ ఆమెది, పెళ్ళయినప్పటి నుంచీ అంతే. పైగా వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయింది కూడా.

ఆ సాయంత్రం బోర్డు మీటింగులో చక్రధర్ చదవగానే చప్పట్లు మోగాయి. వెనక వరుసలో మార్గరెట్ కూర్చుని ఉంది. రాగిణి పురిట్లో ఉన్నప్పుడు రోజూ సూప్ కాచి తెచ్చిన మనిషి. రాగిణిని చూసి ఎప్పటిలాగే నవ్వింది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కోటమ్మ పెరట్లో నిలబెట్టుకున్న రాయికి పసుపు పూస్తోంది. అమెరికా వచ్చినా పోలేరమ్మకు మొక్కందే ఆవిడకు ముద్ద దిగదు.

"అబ్బాయి అమ్మవారి పేరెత్తాడా?"

"ఎత్తారత్తయ్యా."

"నా బంగారుతండ్రి!" అంటూ కోటమ్మ రాయికి బొట్టు పెట్టింది. రాగిణికి ప్రాణం చచ్చిపోయింది. అడిగింది చక్రధరే కావచ్చు. స్నేహితురాల్ని వెలివేసిన మాట మాత్రం తనది. ఇప్పుడీ పెద్దావిడకు చెప్పిన అబద్ధమూ తనదే.

"లేదత్తయ్యా, ఎత్తలేదు. రాళ్ళకీ చెట్లకీ మొక్కేవాళ్ళం కాదని చదివారు. అది రాసింది నేనే."

కోటమ్మ పసుపు గిన్నె కింద పెట్టింది.

"మరి నేనెవర్నే?" అంది.

మర్నాడు పొద్దున్నే రాగిణి బోర్డు ఆఫీసుకి ఫోన్ చేసింది. వచ్చే మీటింగులో జనం మాట్లాడేటప్పుడు తనకూ సమయమిమ్మంది. "పిచ్చా నీకు? పర్మిట్ సంగతేంటి?" అంటూ చక్రధర్ పక్కనే గింజుకుంటున్నాడు.

ఎవరి తరఫున మాట్లాడతారని అవతలి అమ్మాయి అడిగింది.

"పేగన్ల తరఫున" అంది రాగిణి.