తొమ్మిదో గుడ్డముక్క

గుడ్ల వ్యాపారంలో ఒక సుఖం ఉంది. అనుమానం వస్తే దీపం ముందు పట్టి చూస్తాం. లోపల మచ్చ కనిపిస్తే పక్కన పెడతాం, లేకపోతే అట్టలో సర్దుతాం. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని కాబట్టి ఏ వస్తువునైనా చేతిలోకి తీసుకుంటే దాని సంగతి తెలిసిపోతుందని నాకొక ధీమా ఉండేది. మా వ్యాను హెడ్ గ్యాస్కెట్ విషయంలో ఆ ధీమాయే ముంచింది. నన్నొక్కణ్నే ముంచి ఉంటే ఈ కథ చెప్పేవాణ్ని కాదు.

మా వ్యాను పొగ కక్కడం మొదలుపెట్టాక తీసుకెళ్లి మామగారి షెడ్డులో పెట్టాను. మామగారంటే మా ఆవిడ తండ్రి. డెబ్బై దాటిన మెకానిక్కు. బండి పక్కన నిలబడి చప్పుడు విని రోగం చెప్పేస్తారని ఆ పేటలో అందరూ ఆయన్ని ‘చెవి డాక్టరు’ అనేవారు. చెవులు బాగానే ఉన్నాయి, చూపే రెండేళ్లుగా తగ్గుతూ వచ్చింది. షెడ్డు మూసెయ్యమని మా ఆవిడ పోరు పెట్టగా పెట్టగా తండ్రీ కూతురూ ఒక ఒప్పందానికొచ్చారు. ఆయన చేసిన పని ఒక్కటి చెడిపోయి వెనక్కొచ్చినా ఆ రోజే తాళం వెయ్యాలి. అంతవరకూ ఆమె ఆ మాట ఎత్తకూడదు. ఏడాదిన్నరగా ఒక్క బండీ వెనక్కి రాలేదు. షెడ్డు లేకపోతే ఆయన ఏమైపోతారో నాకు తెలుసు. సెలవు రోజున మా ఇంటికొస్తే, ఎవరో మర్చిపోయి వెళ్లిన సంచిలా కుర్చీలో ఉండిపోయేవారు.

ఇంజను బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకీ మధ్య పరిచే గ్యాస్కెట్ పోయిందని ఆయన తేల్చారు. మా వ్యాను మోడలు తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. విడిభాగాల కొట్టువాడు అటక మీంచి దుమ్ము దులిపి రెండు గ్యాస్కెట్లు దించాడు.

“రెండూ పట్టుకెళ్లండి. మళ్లీ కావాలంటే దొరకవు” అన్నాడు.

సరుకు కదలకపోతే నేనూ చెప్పే మాటే అది. “ఒక తలకి ఒక టోపీ చాలు” అని ఒక్కటే తీసుకున్నాను. దారి పొడుగునా నా తెలివికి నేనే మురిసిపోయాను.

మామగారికి ఒక పద్ధతి ఉంది. ఇంజను విప్పగానే పాత చొక్కా చించి తొమ్మిది ముక్కలు చేస్తారు. దుమ్ము పడకుండా ఒక్కో కంతలో ఒక్కో ముక్క కుక్కుతారు. హెడ్డు పెట్టే ముందు ముక్కలన్నీ తీసి బిస్కెట్ల డబ్బాలో వేస్తూ లెక్కపెడతారు. తొమ్మిదీ వస్తేనే మూత. ఆ శనివారం పొద్దున నేను ఆయన నెత్తిమీద కూర్చున్నాను. సోమవారం తెల్లారేసరికి మూడు హాస్టళ్లకి గుడ్లు అందాలి. ఒక్కరోజు తప్పితే ఆ వాడిక పక్కవీధిలో గుడ్లమ్మే బట్టతలవాడికి పోతుంది. వాడు కాచుకునే ఉన్నాడు.

“ఇంకెంతసేపు మావయ్యా?”

“నీ కోడి ఎంతసేపట్లో గుడ్డు పెడుతుందో నీకు తెలుసా? ఇదీ అంతే.”

“కోడైతే పొద్దున్నే పెట్టేసేది.”

“అయితే దాన్నే పిలు, వచ్చి బోల్టులు బిగిస్తుంది” అన్నారు. నవ్వారు కానీ చేతులు తొందరపడ్డాయి. ముక్కలు తీసి డబ్బాలో పడేశారు. లెక్కపెట్టలేదు. గ్యాస్కెట్ పరిచి, హెడ్డు దించి, వరస ప్రకారం బోల్టులు బిగించారు. చివరి బోల్టు అయ్యాక అలవాటుగా డబ్బా దగ్గరికి లాక్కున్నారు. ఒక్కో ముక్కా వేళ్లతో తడిమారు. మళ్లీ తడిమారు.

“ఎనిమిదే ఉన్నాయి” అన్నారు.

బల్ల కింద వెతికాం. ఇనప బీరువా వెనక వెతికాం. ఆయన జేబులు తిరగేశారు. ఎక్కడా లేదు. లోపల ఉండిపోయిందంటే అది ఎక్కడైనా అడ్డం పడొచ్చు. విప్పక తప్పదు. విప్పారు. టార్చి వేసుకుని ఆయన చూశారు, నేనూ చూశాను. నాలుగు సిలిండర్లూ కడిగిన గ్లాసుల్లా ఉన్నాయి. గుడ్డముక్క మాత్రం లేదు.

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. “ఎనిమిదే చించానేమో” అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఇప్పుడు గ్యాస్కెట్ మా మధ్య బల్ల మీద ఉంది. నేను తీసి వెలుతురుకి పట్టి చూశాను. చిరుగు లేదు, మడత లేదు.

“ఇది మళ్లీ వెయ్యకూడదు అల్లుడూ. ఒకసారి నలిగింది. ఆ బ్లాకుకీ ఆ హెడ్డుకీ మధ్య తన చోటు తను చూసుకుంది. మళ్లీ పెడితే ఆ చోటు దొరకదు.”

“ఇంజను స్టార్టే చెయ్యలేదుగా. వేడి తగల్లేదు. కొత్తదాని కిందే లెక్క.”

“నలిగిందన్నాను గానీ కాలిందన్నానా? పగిలిన గుడ్డు పొయ్యెక్కలేదని మంచి గుడ్ల అట్టలో పెడతావా?”

పెట్టను. అయినా ఒప్పుకోలేదు. కొట్టువాడికి ఫోన్ చేశాను. రెండోది నిన్ననే ఎవరో కొనుక్కుపోయారట. తెప్పించాలంటే పన్నెండు రోజులు. పన్నెండు రోజుల్లో హాస్టలు పిల్లలు నా మొహం మర్చిపోతారు, బట్టతలవాడి గుండు గుర్తుపెట్టుకుంటారు.

“లీకు ఆపే పేస్టు రాసి వెయ్యండి మావయ్యా. కొత్తది రాగానే మార్చేద్దాం. పన్నెండు రోజులు ఆగదా?”

“ఆగకపోతే?”

“ఆగకపోతే నా పూచీ.”

మరో రోజైతే ఆయన రెంచి పక్కన పడేసి ఇంటికి పొమ్మనేవారు. ఆ రోజు తన లెక్క మీద తనకే నమ్మకం లేదు. తొమ్మిది చించారో ఎనిమిది చించారో తెలియని మనిషి నాతో ఏం వాదిస్తారు? పేస్టు డబ్బా మూత తీశారు. గ్యాస్కెట్‌కి రెండువైపులా వేలితో పల్చగా రాసి పరిచారు.

సోమవారం బండి బాగా నడిచింది. మంగళ, బుధవారాలు కూడా. గురువారం పెద్ద హాస్టలు ముందున్న ఎత్తు ఎక్కుతుంటే వెనక తెల్లటి పొగ లేచింది. ఆపి, ఆయిల్ పుల్ల లాగి చూస్తే పాలు పోసిన టీ రంగు, ఆయిల్లో నీళ్లు కలిసిపోయాయి. తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చాం. హెడ్డు వంగి, రెండు సిలిండర్ల మధ్య నెర్రె కొట్టింది. చెయ్యడానికి ఇంకేమీ లేదు.

మా ఆవిడ వచ్చింది. ఆమె ఏమీ అనకముందే ఆయన తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు.

“నాన్నా, ఇదొక్కటీ లెక్కలోకి రాదులే. ఈయన తొందరపెట్టారని నాకు తెలుసు.”

“మాటంటే మాటే తల్లీ. లెక్క తప్పింది నాకు, అతనికి కాదు.”

నేను పక్కనే ఉన్నాను. పూచీ నాదన్నవాణ్ని. వ్యానుకి కట్టిన తాడు విప్పుతూ ఉండిపోయాను.

రెండు నెలల తర్వాత వ్యాను పాతినుముకి ఇచ్చేస్తూ లోపల సామాను ఖాళీ చేశాను. డ్రైవరు తలుపు అరలో, రసీదుల కింద, బిరుసుగా ఏదో చేతికి తగిలింది. నీలం చొక్కా ముక్క. బొత్తం కాజా కూడా ఉంది. పచ్చసొన ఎండి చెక్కలా అయింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ శనివారం సీటు మీద పగిలిన గుడ్డు ఉంటే, ఆయన ముక్కలు తీస్తున్నప్పుడు బండి అంచు మీద పడ్డ గుడ్డ తీసుకుని తుడిచాను. తుడిచి అక్కడే కుక్కాను. తొమ్మిదిని ఎనిమిది చేసింది నేను.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే బండి రాదు, హాస్టళ్లు రావు, ఇంట్లో మా ఆవిడ ముందు తల ఎత్తుకోలేను. ఎటు చూసినా చెప్పడంలో నష్టమే. అయినా వెళ్లాను. ఆయన తన గదిలో కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. బిస్కెట్ల డబ్బా కిటికీ గట్టు మీద ఉంది. గుడ్డముక్క చేతిలో పెట్టాను. వేళ్లు కాజా దగ్గర ఆగాయి.

“నాదే. ఎక్కడ దొరికింది, ఇంజను విప్పుతుంటేనా?”

“కాదు మావయ్యా. నేనే తీశాను. సీటు తుడిచి తలుపు అరలో పెట్టి మర్చిపోయాను. మీ లెక్క తప్పలేదు. తప్పంతా నాదే.”

ఆయన దాన్ని వేళ్లతో విరిచి చూశారు. “కాలి పెళుసెక్కింది. ఇంజను చల్లబరిచే నీళ్ల దారిలో అడ్డం పడి ఉంటుంది. అందుకే వేడెక్కింది బండి. నీ గ్యాస్కెట్ పాపం ఏం చేసింది?”

“అది కాలింది కాదు, గుడ్డు సొన. వాసన చూడండి.”

“నువ్వు ముట్టుకున్న ప్రతిదీ గుడ్డు వాసనే అల్లుడూ” అని నవ్వారు. “ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ఎదుటివాడి మొహం చూసి మాట కలుపుతావు. ముసలాడు బాధపడుతున్నాడని ఈ మాట కల్పించి తెచ్చావు. మంచివాడివే.”

“ఒట్టు మావయ్యా.”

“నీ ఒట్టు మీద ఎన్ని మురిగిన గుడ్లు అమ్ముడుపోయాయో నాకు తెలీదా? వదిలెయ్. టార్చి వేసుకుని మరీ చూశాను. లోపలే ఉంది. కనబళ్లేదు. అమ్మాయి చెప్పింది నిజమే, నా చూపు పోయింది.”

డబ్బా ఒళ్లోకి తీసుకుని మూత తీశారు. ఎనిమిది ముక్కలూ ఒక్కొక్కటే లెక్కపెట్టి ఒళ్లో వేసుకున్నారు. చివర ఆ బిరుసు ముక్క పెట్టి “తొమ్మిది” అన్నారు. అన్నీ మళ్లీ డబ్బాలో వేసి మూత నొక్కి నాకిచ్చారు.

“దారిలో ఎక్కడైనా పారెయ్” అన్నారు.