కాగితంలో లేని ఇద్దరు

కుళాయి కింద జగ్గమ్మ మూడోసారి చేతులు రుద్దుకుంటోంది. ముందు సబ్బు, తర్వాత నిమ్మచెక్క, మళ్ళీ సబ్బు. పొద్దున్నే శ్రీకాకుళం బజారులో అమ్మిన కానాగంత చేపల వాసన గోళ్ళ సందుల్లో కాపురం పెట్టేసింది. ఖాళీ చెయ్యమంటే చెయ్యదు.

"ఎంత రుద్దినా ఏటి లాభం, యాక్టరమ్మా? నీ సేపల కంపు ఆ కంప్యూటర్లోంచి అవతలోళ్ళకి ఎల్తాదేటి?" అన్నాడు నరసింగరావు. నర్సింగు కాలేజీకి అతను కాపలాదారు. మంగళవారం వచ్చిందంటే జగ్గమ్మను ఆటపట్టించడం కూడా అతని డ్యూటీలో భాగమే.

"నీ ముక్కుకి తగుల్తంది కదా. అందుకే రుద్దుతన్నాను" అంది జగ్గమ్మ. మిగతా రోజుల్లో అయితే ఇంకో నాలుగు అంటించేది. ఈ రోజు ఆమె మనసు మనసులో లేదు.

ఖాళీ గంపను గోడకి ఆనించి, తలమీది చుట్టకుదురు మాత్రం చేత్తో పట్టుకుని లోపలికి నడిచింది. పాత చీర పేలికలు మెలిపెట్టి చుట్టిన వలయం అది. ఏళ్ళ తరబడి గంప మోసి నడినెత్తిన జుట్టు పలచబడింది గాని, మెడ మాత్రం ఎవరికీ వంగనట్టు నిటారుగా ఉంటుంది. మనిషి పొట్టి, సన్నం. ముక్కుకి రెండు పక్కలా పుడకలు, మోకాలి కిందికి ఎగ్గట్టిన నేతచీర. అలాంటివాళ్ళు ఆ బజారులో వరసగా కూర్చుని ఉంటారు. బేరం కుదిరాక వాళ్ళ ముఖం ఎవరికీ గుర్తుండదు.

ఆమె చేసే పని ఏమిటో చెబితే సొంతూరు కళింగపట్నంలో ఎవరూ నమ్మలేదు. మంగళవారం మంగళవారం జగ్గమ్మ రోగి అవుతుంది, లేదంటే రోగి తల్లి అవుతుంది. అనూరాధ మేడమ్ ఈ కాలేజీలో ఒక చిన్న గదిలో కూర్చుని రెండు జిల్లాల నర్సులకీ, నర్సింగు విద్యార్థులకీ, పల్లె ఆసుపత్రుల డాక్టర్లకీ కంప్యూటర్లో పాఠం చెబుతుంది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి జబ్బులు ఎలా దిగుతాయి, వాటిని ముందుగా ఎలా పసిగట్టాలి, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలి అన్నది పాఠం. జన్యువుల సంగతి పుస్తకంలో దొరుకుతుంది. ఎదుటి మనిషితో మాట్లాడటం పుస్తకంలో దొరకదు. అందుకని చివరి గంటలో ప్రశ్నలు వేయించుకోవడానికి ఒక మనిషి కావాలి.

ఆ మనిషి మేడమ్‌కి చేపల బజారులోనే దొరికింది. ఒకనాడు అనూరాధ కవళ్ళ చేపలు బేరం చేస్తుంటే జగ్గమ్మ తన కష్టాలన్నీ ఏకరువు పెట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, బేరం తెగగానే కళ్ళు తుడుచుకుని పక్కావిడతో పకపకా నవ్వింది. అనూరాధ డబ్బిచ్చేసి అక్కడే నిలబడిపోయింది. "నాతో కాలేజీకి వస్తావా జగ్గమ్మా, ఇదే పని" అంది.

అప్పటి నుంచి రెండేళ్ళుగా జగ్గమ్మ ఎన్ని బతుకులు బతికిందో! గరివిడి ఫ్యాక్టరీలో పనివాడి పెళ్ళాం, ఆమదాలవలస ధాన్యం షావుకారు కూతురు, చెవుడు పిల్లవాడి నాయనమ్మ. ఆమెకి చదువు రాదు. మేడమ్ పాత్ర కాగితాన్ని రెండుసార్లు చదివి వినిపిస్తే చాలు, ఆ మనిషైపోతుంది. కాగితంలో ఉచ్చులు కూడా ఉంటాయి. "మీది రక్తసంబంధమా?" అని అడిగితే కాదనాలి. ఎందుకంటే మన ఊళ్ళలో మేనత్త కొడుకుని చేసుకున్న ఏ ఆడదాన్నడిగినా కాదనే అంటుంది. ఇంటిపేరు వేరైతే రక్తం ఒకటెలా అవుతుంది? నర్సు తెలివిగా అడిగితేనే మేనరికం బయటపడాలి. అలాగే "పిల్లలెంతమంది?" అని అడిగితే ఉన్నవాళ్ళనే చెప్పాలి. పోయినవాళ్ళని మనవాళ్ళు లెక్కలో కలపరు.

ఈ రోజు గదిలోకి అడుగుపెట్టగానే అనూరాధ కాగితం తీసింది.

"నీ పేరు పద్మకుమారి. మీ అన్న కొడుక్కి తలసేమియా, నెలనెలా రక్తం ఎక్కిస్తున్నారు. నీది మేనరికం. నీకు ఒక కూతురు, ఒక కొడుకు, ఇద్దరూ బాగానే ఉన్నారు. కూతురికీ మేనరికమే చేశావు. దానికిప్పుడు మూడో నెల. ఆ పిల్లకీ అల్లుడికీ పరీక్ష చేయించాలని నిన్ను ఒప్పించడం వాళ్ళ పని."

జగ్గమ్మ చుట్టకుదురుని ఒళ్ళో పెట్టుకుని మెలితిప్పుతూ కూర్చుంది.

"ఈ కాయితం మార్సీరాదా, మేడమ్‌గోరూ?"

"మేనరికం సంగతి దాచి, మిగతాదంతా అందరికీ ముందే పంపేశాను జగ్గమ్మా. ఏం, కష్టంగా ఉందా?"

"కట్టమేటి... కాదులెండి."

కష్టమే. ఆ కాగితంలో పేరు మార్చి, జబ్బు పిల్లవాణ్ణి అన్న ఇంట్లోంచి తీసి తన ఇంట్లో పెడితే అది జగ్గమ్మ బతుకే. ఆమెకీ మేనత్త కొడుకుతోనే పెళ్ళయింది. ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఆరేసి నెలలు ముద్దుగా పెరిగి, ఆ తర్వాత తెల్లగా పాలిపోయి, పొట్టలుబ్బి, ఒకడి తర్వాత ఒకడు పోయారు. గాలి అన్నారు, దిష్టి అన్నారు, తల్లి పాలు మంచివి కావన్నారు. చివరి మాట ఎక్కువమంది అన్నారు. మూడో కాన్పున పుట్టిన రేఖ నిలిచింది. ఆ రేఖని తన తమ్ముడి కొడుకు ధనరాజుకి తనే ఏరికోరి చేసింది. ఇప్పుడు రేఖకి మూడో నెల.

రెండేళ్ళుగా ఈ పాఠం వింటున్న మనిషికి తన పిల్లల జబ్బు పేరు తెలియకుండా ఉంటుందా? తెలుసు. తెలిసీ రేఖకి చెప్పలేదు. తనకి అన్నలుండేవారన్న సంగతే ఆ పిల్లకి తెలియదు. కడుపుతో ఉన్న పిల్ల ముందు పోయిన పసివాళ్ళ ఊసెత్తకూడదని వాళ్ళ పేటలో నమ్మకం. ఎత్తితే వాళ్ళు వింటారట, విని ఆ కడుపు వెతుక్కుంటూ వస్తారట. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే రోజులు గడిచాయి. ఈ సాయంత్రం ధనరాజు ఆమదాలవలసలో రైలెక్కి గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి పోతున్నాడు. మళ్ళీ ఏప్రిల్‌కి గాని రాడు. బిడ్డ అంతకుముందే పుట్టేస్తుంది. పరీక్షకి అతని నెత్తురూ కావాలి.

తెర మీద గళ్ళు గళ్ళుగా ముఖాలు వెలిగాయి. మొదట ఒక విద్యార్థి గొంతు సవరించుకున్నాడు.

"మీది రక్తసంబంధమా అమ్మా?"

"సీ, అదేటి మాట బాబూ! మా ఇంటిపేర్లే యేరు."

కుర్రాడు ఉచ్చులో పడ్డాడు. అనూరాధ నవ్వు ఆపుకుంది. తర్వాతి వంతు ఉషది. గరివిడి దగ్గర ఒక పల్లె ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టరు. ఆమె వెనక గోడ మీద పసిపిల్లల టీకాల బొమ్మ, పైన కిర్రుమంటూ తిరిగే ఫ్యాను.

"మీ అత్తగారు పెళ్ళికి ముందు మీకేమయ్యేవారమ్మా?"

"మేనత్త."

"సరే అమ్మా. ఇప్పుడొకటి అడుగుతాను, తొందరేం లేదు. మీరు ఎన్నిసార్లు నీళ్ళోసుకున్నారు? ఉన్నవాళ్ళూ పోయినవాళ్ళూ అందరినీ కలిపి చెప్పండి."

అడిగి ఊరుకుంది. ఇదివరకు అందరూ జవాబు వచ్చేలోపే ఇంకో ప్రశ్న వేసేవాళ్ళు. ఉష మాత్రం తెరలోంచి ఆమెనే చూస్తూ కూర్చుంది. జగ్గమ్మ చేతిలో చుట్టకుదురు ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఆమెని అడిగినవాళ్ళు లేరు. పురుడు పోసిన మంత్రసాని అడగలేదు, సూది వేసిన నర్సు అడగలేదు, కన్నతల్లి అడగలేదు.

రెండుసార్లు అనాలి. కాగితంలో అంతే ఉంది.

"మూడుసార్లు" అంది జగ్గమ్మ. "ముందు ఇద్దరు మొగపిల్లలు. తెల్లగా అయిపోనారమ్మా. పొట్టలు ఇంతేసి ఉబ్బీసినాయి. పెద్దోడు నడక నేర్సాక పోనాడు. సిన్నోడు నడవనే నేదు. నా పాలు మంచివి కాదన్నారు."

అనూరాధ కాగితం వైపు చూసింది, జగ్గమ్మ వైపు చూసింది. పాఠం ఆపడానికి చెయ్యి ముందుకు చాపింది. జగ్గమ్మ తల అడ్డంగా ఊపింది.

ఉషకి ఇదంతా తెలియదు. ఆమె తెర మీద గీస్తోంది. ఆడవాళ్ళకి సున్నా, మగవాళ్ళకి చదరం, పోయినవాళ్ళకి అడ్డగీత. మేనరికానికి రెండు గీతలు. అలాంటి బొమ్మలు జగ్గమ్మ లెక్కలేనన్ని చూసింది. తన పిల్లలు అందులో కనిపించడం ఇదే మొదలు. పక్కపక్కనే రెండు చదరాలు, రెండింటి మీదా అడ్డగీతలు. వాళ్ళ కింద కాదు, పక్కనే, అదే వరసలో, రేఖ సున్నా.

"పాల తప్పు కాదమ్మా" అంది ఉష. "ఎవరి తప్పూ కాదు. ఆ లక్షణం మీలో కొంత, మీ ఆయనలో కొంత ఉండి ఉంటుంది. మీ ఇద్దరికీ జబ్బు లేదు, అందుకే తెలియలేదు. రెండూ కలిసి దిగిన పిల్లలకే జబ్బు వస్తుంది. మీ అమ్మాయికీ అల్లుడికీ ఒక్కసారి రక్తం చూస్తే తెలిసిపోతుంది. ఒక్కరిలోనే ఉంటే బిడ్డకి ఈ జబ్బు రాదు. ఇద్దరిలోనూ ఉన్నా దారులున్నాయి. కాకపోతే ముందుగా తెలియాలి. చేయిస్తారా?"

ఎవరి తప్పూ కాదు. ఈ మాట ఆమె ఎన్ని మంగళవారాలు వినలేదు! అప్పుడల్లా అది గరివిడి ఆవిడకి, షావుకారు కూతురికి చెప్పిన మాట. కాగితంతో పాటు మడిచి మేడమ్‌కి ఇచ్చేసేది. ఈ రోజు మాత్రం ఆ మాట వచ్చి తన గుండె మీద పడింది. ఏడుపొచ్చింది. చేపల బేరంలో వచ్చే ఏడుపు కాదు, తుడుచుకున్నా ఆగలేదు.

"సేయిస్తాను" అంది. "ఇయ్యాలే."

తెరలు ఒక్కొక్కటీ ఆరిపోతుంటే ఉష అడిగింది. "మేడమ్, మాకు పంపిన కాగితంలో ఆ ఇద్దరు పిల్లలు లేరు. ఏమైనా మార్చారా?"

"అవునమ్మా, మార్చాం" అంది అనూరాధ. "నువ్వు చాలా బాగా అడిగావు."

గదిలో ఇద్దరే మిగిలారు. అనూరాధ కుర్చీ దగ్గరికి లాక్కుని జగ్గమ్మ చెయ్యి పట్టుకుంది. చేపల వాసన ఇంకా ఉంది. జగ్గమ్మ రేఖ సంగతీ, ధనరాజు ప్రయాణం సంగతీ చెప్పేసింది.

"ఎప్పుడు రైలు?"

"సాయంత్రం. ఇద్దరూ ఆర్టీసీ కాంప్లెక్స్ కాడ బస్సు దిగతారు. దాని మొగుణ్ణి సాగనంపడానికి అదీ వస్తంది."

"పెద్దాసుపత్రి ల్యాబులో చెప్పి ఉంచుతాను. ఫోన్ చేసి కాస్త ముందు రమ్మను."

"రమ్మంటాను. గాని ఇది ఫోన్లో సెప్పీ మాట కాదు" అని లేచింది జగ్గమ్మ. నరసింగరావు ఆమె ముఖం చూసి గేటు తీసి పట్టుకున్నాడు.

కాంప్లెక్స్ రద్దీలో, సోడాబండి పక్కన సిమెంటు బల్ల మీద చెప్పింది. ఎలా మొదలుపెట్టాలో ముందు తెలియలేదు. తర్వాత ఉష గీసినట్టే మొదలుపెట్టింది. తన తండ్రి వైపు, మేనత్త వైపు, అటు పిమ్మట తను. చివరికి ఆ ఇద్దరు. ధనరాజు భుజాన సంచీ వేసుకుని నిలబడే విన్నాడు. రేఖ తల వంచుకుని కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. పిల్ల భయపడిందేమోనని, ఊసెత్తి పాపం చేశానేమోనని జగ్గమ్మ వంగి కూతురి ముఖంలోకి చూసింది.

"ఆల్ల పేర్లేటమ్మా?" అంది రేఖ.

పాతికేళ్ళ పైమాట, ఆ పేర్లు ఆమె నోటికి వచ్చి.

"పెద్దోడు గోవిందు. సిన్నోడు నూకరాజు."

"గోవిందన్న, నూకరాజన్న" అని రేఖ మెల్లగా అనుకుంది. "నాకు అన్నలున్నారన్నమాట. ఇన్నాళ్ళూ నువ్వొక్కర్తివీ ఎలా మోసినావే, అమ్మా?" తల్లి భుజం మీద తలపెట్టింది. కడుపు వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. పలాస బస్సు వచ్చి ఆగింది, జనం తోసుకుంటూ ఎక్కారు, బస్సు వెళ్ళిపోయింది.

ధనరాజు సంచీ సర్దుకున్నాడు. "రక్తవే కదా అత్తా. పద. గాని నాకు సూదంటే బయం."

"నడిసంద్రంలో నెలరోజులుంటావు, సూదికి బయమేట్రా?" అంది జగ్గమ్మ. అంటూనే నవ్వింది. ఆ రోజుకి అదే మొదటి నవ్వు.

ల్యాబు దగ్గర అనూరాధ ఎదురుచూస్తోంది. ముందు రేఖ చెయ్యి చాపింది. తర్వాత ధనరాజు కళ్ళు గట్టిగా మూసుకుని, అత్త చెయ్యి పట్టుకుని చాపాడు. రెండు చిన్న గొట్టాలు, రెండింటి మీదా పేర్లు. ఫలితం అనూరాధ ఫోన్‌కి వస్తుందని, ఏది వచ్చినా తనే దగ్గరుండి చూసుకుంటానని ఆమె మాటిచ్చింది. తర్వాత ముగ్గురూ ఆటో ఎక్కి ఆమదాలవలస వెళ్ళారు. రైలు వచ్చింది. ధనరాజు తలుపు దగ్గర నిలబడి, దూది అంటించిన మోచేతిని పైకెత్తి ఊపాడు. రైలు మలుపు తిరిగేదాకా చూసి తల్లీకూతుళ్ళు పేటకి బయలుదేరారు. గంప కాలేజీలోనే ఉండిపోయిందని జగ్గమ్మకి దారిలో గుర్తొచ్చింది గాని, వెనక్కి వెళ్ళాలనిపించలేదు.

సాయంత్రం గదికి తాళం వెయ్యడానికి అనూరాధ తిరిగి వచ్చింది. వెళ్ళేటప్పుడు కంప్యూటరు ఆపడం మరిచిపోయింది. ఉష గీసిన బొమ్మ తెర మీద అలాగే ఉంది. దాన్ని ఆర్పింది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో జగ్గమ్మ చుట్టకుదురు, ఇన్నేళ్ళ బరువుకి నడిమి అణిగిపోయి, పాత చీర అంచు ఒకటి వదులై కిందికి వేలాడుతూ ఉంది.