మూడు రకాల దెయ్యం

అక్కకు అనుమానం పుట్టిందంటే అన్నం సహించదు. పోటీ కంపెనీవాళ్ల ప్రకటన చూసిన మంగళవారం నుంచీ ఆవిడకు మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు. దుమ్ము రేగే వీధి, ఊగే తలుపుల సారా దుకాణం, గుర్రాల మీద తిరిగే శవాలు! రెండేళ్లుగా తాను రాస్తున్న వీడియో గేమ్ కూడా అచ్చం అదే. కౌబాయ్‌ల ఊరు, అందులో చచ్చినవాళ్లు లేచి వస్తారు.

వాళ్ల ఆఫీసంటే ఎంతని? ఒక గది, నాలుగు బల్లలు. కథ అక్కది, బొమ్మలు చెల్లెలివి. ప్రోగ్రామ్ రాసే మనిషిని మౌనస్వామి అంటారు, రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. నాలుగో బల్ల చప్పుళ్లు తయారుచేసే పెద్దాయనది. ఎవరి పని వాళ్లు చేసి అక్కకు అప్పజెబుతారు, అన్నీ కలిపేది ఆవిడే. ఈ ముగ్గురిలో ఎవరో గుట్టు బయటపెట్టారని ఆవిడ తీర్మానించేసింది. చెల్లెలి ఫోన్ మోగితే చెవులు రిక్కించేది. మౌనస్వామి మాట్లాడకపోతే ఏదో దాస్తున్నాడనుకునేది, మాట్లాడితే ఏదో కప్పిపుచ్చుతున్నాడనుకునేది. ఇలాంటి మనిషితో ఎవరు మాత్రం వేగగలరు?

చివరికి ఓ ఉపాయం పన్నింది. గేమ్ ముగింపులో వచ్చే పెద్ద దెయ్యాన్ని మూడు రకాలుగా రాసి, తలా ఒక రకం ఇచ్చింది. చెల్లెలి కాగితంలో నీడ లేని షెరీఫ్, అంటే ఆ ఊరి పోలీసు అధికారి. మౌనస్వామి కాగితంలో మనుషుల్ని పేరు పెట్టి పిలిచే బావి. పెద్దాయన కాగితంలో తల లేని గుర్రం. ఎవరికీ చూపించవద్దని విడివిడిగా చెప్పింది. పోటీవాళ్ల తర్వాతి ప్రకటనలో ఎవరి దెయ్యం కనిపిస్తే వాళ్లే దొంగ. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

పాపం, చెల్లెలు తొమ్మిది రోజులు తల ఎత్తకుండా గీసింది. షెరీఫ్ మిట్ట ఎండలో నిలబడి ఉంటాడు. పక్కనున్న గుర్రానికి నీడ ఉంటుంది, తల మీది టోపీకి ఉంటుంది, మనిషికి మాత్రం ఉండదు. రాసిన అక్కకే ఒళ్లు జలదరించింది. అంత మంచి బొమ్మ ఆ పిల్ల ఇంతవరకూ వేయలేదు. ఇది ఉత్త ఎర అని చెప్పడానికి అక్కకు నోరు రాలేదు.

పోటీవాళ్ల రెండో ప్రకటనలో మూడింట్లో ఒక్కటీ లేదు. నెత్తురు తాగే గబ్బిలాలు వచ్చాయి. కౌబాయ్‌ల మధ్య దెయ్యాన్ని దింపడం మనకొక్కరికే తడుతుందా ఏమిటని పెద్దాయన నవ్వాడు. ఆ గబ్బిలాలకంటే తన గుర్రమే నయమన్నాడు. ఏ గుర్రమని చెల్లెలు అడిగింది. మౌనస్వామి తలెత్తి, దెయ్యం బావి కదా అన్నాడు.

మూడు కాగితాలూ ఒకే బల్ల మీదికి చేరాయి. అక్క ఒప్పుకోక తప్పలేదు. చెల్లెలు అరిచి ఉంటే బాగుండేది.

“వాళ్లంటే పరాయివాళ్లు, సరే. నాక్కూడా వేరేగా రాశావా అక్కా?” అంది.

అక్క సిగ్గుతో చచ్చిపోయింది. బతిమాలింది, షెరీఫ్‌నే ఖాయం చేసింది. చెల్లెలు మర్నాడు మామూలుగానే వచ్చి పనిలో కూర్చుంది. వారం తర్వాత చివరి బొమ్మలు అందరికీ తనే పంపింది. అక్క తన వాటిని చూసుకుని హమ్మయ్య అనుకుంది. అంతలో మౌనస్వామి తెర మీద కళ్లు పడ్డాయి. అక్కడి షెరీఫ్ తుపాకీ ఎడమ చేత్తో పట్టుకున్నాడు. తన బొమ్మలో కుడి చెయ్యి. గబగబా వెళ్లి పెద్దాయన తెర చూసింది. అక్కడ అసలు తుపాకీయే లేదు.

ఇదేమిటని చెల్లెల్ని అడిగింది. ఆ పిల్ల గీస్తున్న చేయి ఆపలేదు.

“నీ దాంట్లో కుడి చెయ్యా? సరే, గుర్తుపెట్టుకుంటాలే,” అంది.