గాంధారం ఎక్కడుంది

ఇరవై నలుగురు వయొలిన్లవాళ్లు ఒక్కసారిగా ఆపేసి, తప్పు ఎవరిదో తెలియక పక్కవాళ్ల కాగితాల్లోకి తొంగిచూశారు.

ఆ కాగితాలు రాసిన సంగీత దర్శకురాలు తల పట్టుకుంది. వీణ మీద తోడి రాగం, దాని వెనక పాశ్చాత్య వాద్యబృందం. శనివారం హాల్లో కచేరీ అయ్యాక అదే సంగీతం ఒక సినిమా చివరి సన్నివేశానికి వెళ్తుంది. ఆర్నెల్లు కూర్చుని రాసింది. పియానో మీద బ్రహ్మాండంగా ఉంది. తీరా వీణ పక్కన వయొలిన్లు పెట్టేసరికి పళ్లు జివ్వుమన్నాయి.

"మేడమ్, మా గాంధార స్వరం కాగితంలో ఉన్నచోటే ఉంది," అన్నాడు బృందాన్ని నడిపించే కండక్టర్. "వీణమ్మగారిదే ఒకచోట నిలబడ్డం లేదు."

వీణమ్మ సంగీత దర్శకురాలికి మేనత్త. ఏడేళ్లప్పుడు ఒళ్లో వీణ పెట్టి నేర్పిన గురువూ ఆవిడే. కండక్టరంటే ఆవిడ దృష్టిలో టికెట్లు కొట్టేవాడే కాబట్టి, చేతిలో పుల్ల ఆడించే ఈయనకి పుల్లాయన అని పేరు పెట్టుకుంది.

"నిలబెట్టడానికి అదేమన్నా స్తంభమా పుల్లాయనగారూ? గాంధారం ఊగాలి."

"ఊగనివ్వండి. ఎక్కణ్ణుంచి ఎక్కడికి? ఎన్నిసార్లు? చెబితే మావాళ్లూ ఊపుతారు."

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. అత్త మాటలోనూ తప్పు లేదు. మధ్యలో నిలబడ్డ మనిషికే ఏమీ పాలుపోలేదు.

ఆ మధ్యాహ్నం అత్త వాయించినదాన్ని రికార్డు చేసి, కంప్యూటర్లో మెల్లగా తిప్పి విన్నది. మొదటిసారి మూడు ఊపులు. రెండోసారి నాలుగున్నర. మూడోసారి ఊపో జారుడో తేలనే లేదు.

"అత్తా, అసలు ఎన్నిసార్లు ఊపుతావు?"

"ఏమోనే. ఎప్పుడు లెక్కపెట్టాను గనక!"

"ఈసారి లెక్కపెట్టు."

పాపం, ఆవిడ బుద్ధిగా లెక్కపెట్టింది.

మర్నాడు రిహార్సల్లో అత్త వేలు గాంధారం మెట్టు దగ్గర టక్కున ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది.

"ఊపబోతే లెక్క అడ్డొస్తోందే బుజ్జీ," అంది ఆవిడ, తన వేళ్లని ఎవరివో అన్నట్టు చూసుకుంటూ. "ఇన్నాళ్లూ ఎలా వాయించానో ఏమో."

కచేరీకి ఇంకా రెండు రోజులే ఉంది. చెల్లో వాయించే పెద్దాయన మెల్లగా దగ్గరికొచ్చి, "మా కాగితాల్లోంచి గాంధారం తీసెయ్యండమ్మా. ఆవిడ అక్కడికొచ్చినప్పుడల్లా మేం షడ్జం, ఆ ఒక్క 'స' పట్టుకుని ఊరుకుంటాం," అన్నాడు. మేనకోడలు ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ పోతే మూడోవంతు పోయింది. అయినా అత్త వేలు కదల్లేదు.

శుక్రవారం సాయంత్రం అత్త ఇంటికి వెళ్తే వీణ పెట్టెలో ఉంది, అత్త కిటికీ దగ్గరుంది. మేనకోడలు మూలనున్న పాత వీణ ఒళ్లోకి తీసుకుంది. ముట్టుకుని పదకొండేళ్లయింది.

"ఇలాగే కదా అత్తా నువ్వు నేర్పింది?"

వస్తుందనే అనుకుని తీగ లాగింది. మూలుగు వచ్చింది.

"ఛీ ఛీ! గాంధారమా అది? పంటినొప్పి. తియ్యి చెయ్యి!" అత్త గబుక్కున వచ్చి, ఒంగుని, అదే తీగ లాగింది. గాంధారం పలికింది. నిండుగా, ఊగుతూ, ఎక్కడా తడుముకోకుండా.

ఇద్దరూ బిగుసుకుపోయారు.

"లెక్కపెట్టావా?"

"నీ అపస్వరం విన్నాక ఇంకా లెక్కేమిటే నా మొహం!"

అత్త నవ్వింది. మేనకోడలూ నవ్వింది. అత్త గాంధారం తిరిగొచ్చినందుకు సంతోషించాలా, తనది ఎప్పుడో చెప్పకుండా వెళ్లిపోయినందుకు ఏడవాలా?

కచేరీ గట్టెక్కింది. జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. సినిమా దర్శకుడు మాత్రం స్టేజీ వెనక్కొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"అద్భుతం మేడమ్. కాకపోతే వీణ రాగానే వయొలిన్లు నీరసపడుతున్నాయి. థియేటర్లో స్పీకరు పోయిందనుకుంటారు. నిండుగా కావాలి."

సినిమాకి ఇంకోలా చేసింది. చెవిలో టిక్కు టిక్కుమని లయ చెప్పే యంత్రం పెట్టకుండా ముందు అత్త ఒక్కర్తినీ వాయించమంది. ఆ ఊపుల చుట్టూ తర్వాత వయొలిన్లు రాసింది, ఒక్కొక్కరికీ ఒక్కో దారి. "ఇప్పుడు మాదీ ఎక్కడా నిలబడ్డం లేదు," అని పుల్లాయన ముచ్చటపడ్డాడు.

రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని వారం రోజులు విన్నది. కచేరీది వింటే సగం ఖాళీ అనిపిస్తుంది. సినిమాది వింటే ఆ ఖాళీయే బాగుందనిపిస్తుంది. ఇందులో తన సంగీతం ఏది? చివరికి అత్తకే ఫోన్ చేసింది.

"నన్నడుగుతావేంటే? రెండూ వినడానికి బాగానే ఉన్నాయి. ముందు నీ చెయ్యి సంగతి చూద్దాం, రేపు పొద్దున్నే రా."

వెళ్లింది. అత్త వీణ ఆమె ఒళ్లో పెట్టి, గాంధారం ఊసెత్తకుండా, "సరళీ వరుస," అంది.

"మరీ మొట్టమొదటి పాఠం నుంచా?"

"మరి?"

నలభై మూడేళ్ల సంగీత దర్శకురాలు షడ్జం మీద వేలు పెట్టింది. అది షడ్జమేనా అని అక్కడే అనుమానం వచ్చింది. అత్త మళ్లీ మీటమంది.