కుడి పక్క కన్నం

నేను ఒక వాల్వు రేడియోని. మీట నొక్కగానే కూతపెట్టే ఈ కాలపు బుల్లి పెట్టెల జాతి కాదు నాది. లోపల వాల్వులు ఎర్రబడాలి, ఒళ్లు వేడెక్కాలి, అప్పుడుగానీ నోరు విప్పను. టేకు చెక్క ఒళ్లు, ముఖానికి బంగారు రంగు గుడ్డ. కాకినాడలో ఒక రైసుమిల్లు యజమాని హాల్లో కొన్నాళ్లు దర్జాగా బతికాను. ఆయన టేపురికార్డరు మోజులో పడి నన్ను తన గుమాస్తా కామేశానికి ఇచ్చేశాడు. ఏం చేస్తాం, మనుషుల మోజులు అలాంటివి.

కామేశం భార్య పేరిందేవికి చెవుడు. నేనెంత గొంతు చించుకున్నా ఆవిడకు గొణుగుడే. కానీ పాత టెలిఫోను రిసీవరులో ఉండే బిళ్లను చెవి వెనక ఎముకకి అదుముకుంటే చక్కగా వినపడుతుందని కామేశం కనిపెట్టాడు. ఇంకేం, బరమా పట్టుకుని నా కుడి పక్కన కన్నం పొడిచి, సాకెట్టు బిగించి, లోపల స్పీకరు దగ్గర్నుంచి దానికి పచ్చ వైరు లాగాడు. అబ్బ, ఎంత సిగ్గేసిందో! ఇంటికి చుట్టాలొస్తే నన్ను గోడవైపు తిప్పితే బాగుండుననుకునేదాన్ని.

కామేశం పోయాక కూడా ఆవిడ రోజూ ఆ బిళ్ల వైరు నా సాకెట్టులో గుచ్చుకుని నా పక్కనే కూర్చునేది. ఒకనాడు నా గొంతు పోయింది. పక్కవీధి దైవాధీనం మాస్టారు ఓడరేవులో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి, పాత రేడియోలంటే ప్రాణం. నన్ను ఆయనకి అప్పగించి, "ఇది పలక్కపోతే ఇల్లు ఇల్లులా లేదండీ. బేగా చెయ్యండి," అంది. బిళ్ల మాత్రం బీరువాలో భద్రంగా దాచుకుంది.

మాస్టారు నా వెనక అట్ట ఊడదీసి తల కొట్టుకున్నారు. "ఎవడ్రా బాబూ ఈ కసాయోడు! బంగారంలాంటి టేకుకి కన్నవెట్టాడు. పైగా పచ్చ వైరొకటి!"

కంపెనీవాళ్ల సర్క్యూట్ బొమ్మ గోడకి అంటించి, ఒక్కో వైరూ దాని ప్రకారమే మార్చారు. నేను పుట్టినప్పటి రంగులే, గుడ్డ తొడుగు వైర్లే, ఎక్కడెక్కడో వెతికి తెచ్చారు. చెడిపోయిన కండెన్సర్ల పొట్టలు ఖాళీ చేసి, కొత్తవి లోపల కూరి, పైకి పాతవిలాగే మూతి మూశారు. బొమ్మలో లేని పచ్చ వైరు కత్తిరించి పారేశారు. సాకెట్టు ఊడబీకి, కన్నంలో రంపపు పొట్టు, బంక కలిపి కూరి పాలిష్ పట్టించారు. ఆవిడనడిగి నన్ను విశాఖలో పాత రేడియోల ప్రదర్శనకి తీసుకెళ్లాలని ఆయన ఆశ. నేనూ మురిసిపోయాను, దాచుకోవడమెందుకు?

ఇంటికి తెచ్చి పెట్టి, మీట తిప్పి, "పుట్టినప్పుడెలా ఉందో అలాగే చేశానండమ్మా!" అని గట్టిగా అరిచి చెప్పారు.

పేరిందేవి నవ్వుకుంటూ బిళ్ల తెచ్చింది. అలవాటు కొద్దీ నా కుడి పక్క తడిమింది. మళ్లీ తడిమింది. ఎడమ పక్కా, వెనకా కూడా వెతికింది.

"ఇది మాది కాదండీ మాస్టారూ," అంది చివరికి. "మారిపోయినట్టుంది. మాదానికి మా ఆయన కన్నం పెట్టారండి. మాది మాకిచ్చెయ్యండి బాబూ."

ఆవిడ చేతిలో బిళ్లా, దాని వైరు కొసనున్న పిన్నూ అప్పుడు కనబడ్డాయి మాస్టారికి. ముఖం మాడిపోయింది. ఎక్కడో సముద్రం మీద ఓడల కబుర్లు విన్న మనిషి, పక్కవీధి ఆవిడని ఒక్క మాట అడగలేదు. నేనేమో అప్పటికే వేడెక్కి పాడేస్తున్నాను. ఆపుకుందామంటే నా చేతిలో ఉందా? వినవలసిన మనిషి ముందు అంత చక్కటి గొంతేసుకుని, ఆవిడకి ఒక్క ముక్కా అందకుండా పాడుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

మాస్టారు ఇంటికెళ్లి బరమా తెచ్చారు. తాను పట్టించిన పాలిష్‌ని తానే పొడిచారు. సాకెట్టు బిగించి వైరు అతికారు. పచ్చది దొరకలేదు, ఎర్రది వేశారు. ప్రదర్శన ఊసే మళ్లీ ఎత్తలేదు.

పేరిందేవి బిళ్లను చెవి వెనక అదుముకుంది. ముఖం విప్పారింది. మాస్టారు ఆవిడ ఎదురుగా నిలబడి చేతులు జోడించారు. "తప్పయిపోయిందండమ్మా. మీ ఆయన చేసిందాన్ని చెత్తనుకున్నాను," అన్నారు.

ఆయన పెదవులు కదలడం చూసి ఆవిడ విసుగ్గా చెయ్యెత్తింది. "ఉండండి మాస్టారూ, ధాన్యం ధరలు చెబుతున్నారు!"

నేను చెబుతూనే ఉన్నాను. మాస్టారు చేతులు జోడించుకుని అలాగే నిలబడిపోయారు.