సగం కొరికిన గుమ్మడి బిస్కెట్

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. బేకరీలో ముప్పై ఏళ్ళు పిండి పిసికాను. నేను కొరికి చూడనిదే ఒక్క బన్ను కూడా బల్ల మీదికి పోనిచ్చేదాన్ని కాదు. నాకు పాఠాలు చెప్పబోయిన మేనేజర్లు ముగ్గురు మారారు గానీ నా పద్ధతి మారలేదు. అదంటే నాకంత గర్వం. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

పని మానేశాక మిగిలిన సరదా ఒక్కటే. ఏటా గుమ్మడికాయల రోజుల్లో వీధిలోని కుక్కలకీ పిల్లులకీ బిస్కెట్లు చేస్తాను. కాయ కోసి, గింజలు తీసి, ఆవిరి మీద ఉడికించి మెదుపుతాను. అందులో ఓట్స్ పిండి, గుడ్డు కలిపి చిన్న బిళ్ళలుగా కాలుస్తాను. పిల్లుల వాటికి కాస్త ఉడికిన చేప కలుపుతాను. ఉప్పూ చక్కెరా వేయను, కాయలో ఉన్న తీపే చాలు.

మొదటి పళ్ళెం ఎప్పుడూ మా అక్క కుక్కదే. అక్క మా పై అంతస్తులో ఉంటుంది. బావ పోయాక మనుషులతో మాట తగ్గించేసింది. ఆ కుక్కతో మాత్రం పొద్దున్న లేచింది మొదలు ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. వాడిని ఇన్‌స్పెక్టర్ అనేవాళ్ళం. వీధిలో తిరిగే రోజుల్లో ఎవరో పాపిష్టివాళ్ళు మాంసంలో విషం కలిపి పెట్టారట. చావు తప్పి బతికాడు. అప్పటినుంచి ఎదుట మనిషి సగం కొరికి తింటే గానీ మిగతా సగం ముట్టుకునేవాడు కాదు. మా ఆయన యాభై ఏళ్ళుగా నా వంట తింటున్నాడు, ఒక్కనాడైనా అంత శ్రద్ధగా నా మొహం చూసి తిన్నాడా అని ఏడిపించేదాన్ని. అక్క పెట్టే అన్నానికి అక్క కొరకాలి. గుమ్మడి బిస్కెట్‌కి మాత్రం నేనే కొరకాలి, అక్క కొరికితే ఒప్పుకునేవాడు కాదు.

ఈ ఏడు కాయ చప్పగా వచ్చింది, నీళ్ళు నీళ్ళుగా. మొదటి వాయి కొరికి చూస్తే గడ్డి నమిలినట్టుంది. అలాంటిది బల్ల మీద పెడితే నా చేతికి తలవంపులు. తేనె వేద్దామంటే, ఇన్‌స్పెక్టర్ లావయ్యాడని, తీపి తగ్గించమని డాక్టరు చెప్పి నెల కాలేదు. అప్పుడు మా ఆయన టీలో వేసుకునే పొడి గుర్తొచ్చింది. ఆయనకి షుగరు. చక్కెర బదులు వాడే ఆ పొడి డబ్బా అలమరలోంచి తీశాను.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అక్క, "ఏం వేస్తున్నావే అందులో?" అంది.

"ఆయన రోజూ తాగే టీలో వేసేదే."

"డాక్టరమ్మని ఒక మాట అడుగుదామా?"

"మనిషికి పడింది కుక్కకి పడదా? వంట నాకు నేర్పకు అక్కా," అన్నాను.

నాతో వాదించడం అక్క ఎప్పుడో మానేసింది. డబ్బా వెనక చీమల్లాంటి అక్షరాలున్నాయి. కళ్ళజోడు పక్క గదిలో ఉంది. లేచి వెళ్ళి తెచ్చుకోవాలంటే బద్ధకం. రెండు గరిటెలు వేశాను.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ నా ఎదుట కూర్చున్నాడు. నేను సగం కొరికాను, వాడు సగం తిన్నాడు. అలా ఎనిమిది. వీధిలోని బూడిద రంగు పిల్లికి దాని చేప బిళ్ళ వేస్తే వాసన చూసి మొహం తిప్పుకుని పోయింది. "పొగరుబోతు," అని తిట్టాను.

అరగంటకి ఇన్‌స్పెక్టర్ వాంతి చేసుకున్నాడు. నడవబోయి గోడకి ఒరిగిపోయాడు. అక్క చెప్పులు వేసుకుంటుంటే నేనే ఆపాను. "తిండి ఎక్కువైంది, పడుకుంటే సర్దుకుంటుంది," అన్నాను. నా మాట విని ఒక గంట కూర్చుంది. వాడి కాళ్ళు కొట్టుకోవడం మొదలయ్యాక చెరో వైపూ ఎత్తి పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాం.

"ఏం తిన్నాడు?" అని అడిగింది పశువుల డాక్టరు.

"మా చెల్లి చేసిన బిస్కెట్లు," అంది అక్క. "వాటివల్ల కాదు డాక్టరమ్మా. ప్రతీదీ అది కొరికాకే వీడు తిన్నాడు. నా కళ్ళారా చూశాను."

నా తరఫున అక్క అలా సాక్ష్యం చెప్పింది. పొడి సంగతి, డబ్బా మీది పేరుతో సహా, నేనే చెప్పాను. డాక్టరు చేతిలో సూది ఒక్క క్షణం ఆగింది.

"అది మనుషులకి ఏమీ చేయదమ్మా. కుక్కలకి విషం," అంది.

అక్క నా వైపు తిరగలేదు. ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని డబ్బా చదివాను. పెంపుడు జంతువులకు అందకుండా ఉంచమని రాసి ఉంది. నేల మీద కూలబడి ఏడ్చాను.

రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడోరోజు పొద్దున డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచింది. "కాలేయం పూర్తిగా పోయింది. నొప్పి తెలియకుండా మందిచ్చాను. ఇంటికి తీసుకెళ్ళండి, ఇష్టమైంది ఏదైనా తింటానంటే పెట్టండి," అంది.

అక్క గుమ్మడి ముక్క ఒకటి ఉడికించింది, అందులో ఏమీ వేయకుండా. తనే సగం కొరికి వాడి నోటి దగ్గర పెట్టింది. వాడు ముట్టలేదు. పసుపు తిరిగిన కళ్ళతో నన్ను వెతుక్కున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

"నన్ను తిట్టు అక్కా. నాలుగు తగిలించు," అన్నాను.

"ముందు వచ్చి తిను. వాడు చూస్తున్నాడు."

ఇంకో ముక్క తీసుకుని కొరికాను. గొంతు దిగలేదు. వాడు తల ఎత్తలేక ఎత్తి, నా మొహం చూసి, నేను మింగేదాకా ఆగాడు. ఎలాగో మింగాను. అప్పుడు నా చేతిలో ఉన్న సగం తీసుకున్నాడు. తిని, నా వేళ్ళు నాకాడు.

"వాడికి నీ మీద ఇంకా నమ్మకమే," అంది అక్క. ఆ మూడు రోజుల్లో నా మొహం చూడడం అదే మొదలు. "నాకు లేదు."

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇన్‌స్పెక్టర్ పోయాడు. ఆ రోజు నుంచీ నేను వండి పైకి తీసుకెళ్ళేది ఏదీ అక్క ముట్టుకోవడం లేదు, ఎదురుగా కూర్చుని ముందు నేను సగం తిని చూపించినా.